ఈక చెప్పే ఇంటిగుట్టు

ఎండలు ముదరక ముందే మా కొత్తచెరువు వీధుల్లోకి మోపెడ్ల మీద కోడిపిల్లల గంపలు వస్తాయి. గులాబీ, ఆకుపచ్చ, ఊదా రంగుల్లో ముంచి తీసిన పిల్లలు. బడిపిల్లలు మూగుతారు, తల్లులు బేరమాడతారు. "అన్నీ పెట్టలేనక్కా, ఆరు నెలలకు గుడ్లే గుడ్లు" అంటాడు అమ్మేవాడు. కొత్త ఈకలు వచ్చేకొద్దీ ఆ రంగు పోతుంది. పిల్ల బతికి బట్టకడితే కొన్ని నెలలకు తెల్లవారుజామున గోడెక్కి కూస్తుంది. ఆ గంపలో ఉండేవి చాలా మట్టుకు పుంజులే మరి. గుడ్ల కోళ్ల హేచరీల్లో పిల్ల పుట్టిన రోజే పెట్టలనొక పక్క, పుంజులనొక పక్క వేరు చేస్తారు. పెట్టలు ఫారాలకు పోతాయి. ఆ జాతి పుంజు గుడ్డు పెట్టదు సరే, బ్రాయిలర్ మాదిరి మాంసమూ పట్టదు. హేచరీకి అది దండగ. ఆ దండగ సరుకులో కొంత రంగునీళ్లలో మునిగి మన వీధికి వస్తుంది.

ఒక్కరోజు పిల్లను చూసి పెట్టో పుంజో చెప్పగల మనుషులున్నారన్నమాట. మరి మన ఇంటి గంప కింద పొదిగిన పిల్లను చూసి మనమెందుకు చెప్పలేం?

నేను పశువుల ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యాను. డాక్టరును కాను, డాక్టరు పక్కన సూది పట్టుకుని నిలబడేవాణ్ణి. గోరంట్ల, సోమందేపల్లి, రొద్దం, బుక్కపట్నం వైపు నేను తిరగని పల్లె తక్కువ. కొక్కెర రోగానికి టీకా వేసేటప్పుడు ప్రతి పిల్లనూ చేతిలోకి తీసుకుని కంట్లో ఒక చుక్క వెయ్యాలి. ఆ చుక్క పడేలోగా ప్రశ్న వచ్చేస్తుంది: "సామీ, రోంత చూసి చెప్పు, ఇది పెట్టనా పుంజునా?" ఊరికే అడిగే మాట కాదిది. పెట్టయితే గుడ్లు, పొదుగు, మళ్లీ పిల్లలు. పుంజయితే జాతరకో పండక్కో కోత, లేదా సంతలో అమ్మకం. గంప కింద పిల్లల్లో ముక్కాలు వంతు పుంజులైతే ఆ ఇంటి ఆడమనిషి ఏడాది లెక్క తారుమారైనట్టే.

అవ్వలకు వాళ్ల గుర్తులు వాళ్లకున్నాయి. మొన దేలిన గుడ్డులో పుంజు, గుండ్రటి గుడ్డులో పెట్ట. పిల్లను కాళ్లు పట్టి తలకిందులు చేస్తే తల పైకెత్తేది పుంజు, వేలాడేసేది పెట్ట. ఉంగరానికి దారం కట్టి గుడ్డు మీద పట్టుకుంటే గుండ్రంగా తిరిగితే పెట్ట, అటూ ఇటూ ఊగితే పుంజు. గుడ్డు ఆకారం సంగతి మన అవ్వలతో మొదలైంది కాదు. గ్రీకుల అరిస్టాటిల్ పొడుగాటి మొన గుడ్డులో పెట్ట ఉంటుందని రాశాడు. తరవాత కొన్ని వందల ఏళ్లకు రోము దేశపు వ్యవసాయ రచయిత కొలుమెల్లా, అబ్బే, మొన గుడ్డులో ఉండేది పుంజు అన్నాడు. మా అవ్వలు కొలుమెల్లా పక్షం. ఈ గుర్తులన్నీ సగం సార్లు నిజమవుతాయి. పుట్టే పిల్లలు సగం అటూ సగం ఇటూ ఉంటాయి కాబట్టి కళ్లు మూసుకుని చెప్పినా సగం నిజమవుతుంది. తప్పిన జోస్యాలు పులుసులో కలిసిపోతాయి, ఫలించినవి మాత్రం కథలై మిగులుతాయి.

గుడ్డు పెంకు తయారయ్యేది గర్భసంచిలో, ఆఖర్న. లోపల ఉన్నది పెట్టో పుంజో అంతకు ముందు, పచ్చసొన దశలోనే తేలిపోయి ఉంటుంది. తేల్చేది పుంజు కాదు, పెట్ట. మనుషుల్లో ఆడపిల్లో మగపిల్లాడో తండ్రి కణం వల్ల నిర్ణయమవుతుంది. ఆడపిల్లలు పుట్టారని కోడల్ని సాధించే అత్తలకు ఈ సంగతి ఎవరు చెప్పాలో తెలీదు గానీ, కోళ్లలో మాత్రం పూర్తిగా తల్లిదే బాధ్యత. పుంజులో జెడ్ అనే క్రోమోజోములు రెండుంటాయి. పెట్టలో జెడ్ ఒకటి, డబ్ల్యు ఒకటి. తల్లి తన జెడ్ ఇస్తే పుంజు పుడుతుంది, డబ్ల్యు ఇస్తే పెట్ట పుడుతుంది. తండ్రి ఎప్పుడూ ఇచ్చేది జెడ్డే. కాబట్టి పెట్టపిల్లకున్న ఒకే ఒక్క జెడ్ తండ్రిది. పుంజుపిల్లకు మాత్రం తల్లిదొకటి, తండ్రిదొకటి. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి. హేచరీల వాళ్ల విద్య చాలావరకు దీని మీదే నిలబడి ఉంది.

చాలావరకు అన్నాను, అంతా కాదు. మొదటి విద్య జపాన్‌ది. దానికి జెడ్డూ డబ్ల్యూ అక్కర్లేదు, కన్నూ వేలూ చాలు. టోక్యోలో మసూయి, హషిమోతో అనే పశుశాస్త్రజ్ఞులు ఒక్కరోజు పిల్ల మలద్వారం లోపలి అంచున కనబడే చిన్న బుడిపెను పట్టి పుంజును గుర్తించవచ్చని కనిపెట్టారు. ఆ బుడిపె గుండుసూది తలంత. 1927లో కెనడాలోని ఒట్టావాలో జరిగిన ప్రపంచ కోళ్ల మహాసభలో ఈ సంగతి లోకానికి తెలిసింది. 1930లలో జపాన్ నుంచి నిపుణులు అమెరికా, కెనడా హేచరీలకు వెళ్లి పిల్లల్ని వేరు చేసేవాళ్లు. ఆరితేరినవాళ్లు గంటకు వెయ్యి పిల్లల దాకా చూస్తారు, నూటికి రెండు కూడా తప్పరు. ఎలా చెబుతున్నారని అడిగితే వాళ్లే సరిగ్గా చెప్పలేరు. కొన్ని పిల్లల్లో బుడిపె ఉండీ లేనట్టుంటుంది, కొన్ని పెట్టల్లోనూ చిన్నగా ఉంటుంది. వేల పిల్లల్ని చూసిన కంటికే ఆ తేడా అందుతుంది. పుట్టిన ఒకటి రెండు రోజుల్లోనే చూడాలి, ఆ తరవాత పట్టుకోవడం కష్టం. ఇంటి దగ్గర ఈ ప్రయోగం చెయ్యొద్దని వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేవాణ్ణి. వేలు కొంచెం గట్టిగా పడితే పిల్ల పేగు బయటికొస్తుంది. పెట్టో పుంజో తెలిసేలోపు పిల్లే ఉండదు.

రెండో విద్య రెక్క ఈకలది. ఇదే ఇప్పుడు మొబైల్ వీడియోల పుణ్యమా అని పల్లెపల్లెకూ పాకింది.

పుట్టి ఒక పూట గడిచి ఒళ్లు ఆరిన పిల్లను ఎడమ అరచేతిలో పెట్టుకుని కుడి చేత్తో రెక్కను మెల్లగా విప్పండి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే రెక్క అంచున సన్నటి గొట్టాల్లాంటి ఈకలు రెండు వరుసల్లో కనబడతాయి. కింది వరుసవి రేపు పెద్దయ్యాక రెక్కకు పెద్ద ఈకలవుతాయి. వాటి మొదళ్లను కప్పుతూ పై వరుస ఉంటుంది. కొన్ని పిల్లల్లో కింది వరుస పొడుగ్గా, పై వరుస పొట్టిగా ఉండి ఎగుడుదిగుడుగా తోస్తుంది. కొన్నింటిలో రెండు వరుసలూ సమానంగా ఉంటాయి, లేదంటే పైదే కొంచెం పొడుగు. ఎగుడుదిగుడుగా ఉన్నది పెట్ట, సమానంగా ఉన్నది పుంజు అని వీడియోలో చెబుతారు. ఆ తేడా కనబడేది మొదటి రెండు మూడు రోజులే, తరవాత అన్నీ పెరిగి ఒకటైపోతాయి.

వీడియో చెప్పింది అబద్ధం కాదు, సగమే చెప్పింది. ఈకలు నిదానంగా రావడానికి ఒక జన్యువుంది. అది జెడ్ మీద ఉంటుంది, త్వరగా వచ్చే గుణం మీద దానిదే పైచేయి. హేచరీల వాళ్లు ఏం చేస్తారంటే, ఈకలు త్వరగా వచ్చే వంశం పుంజును, నిదానంగా వచ్చే వంశం పెట్టతో కలుపుతారు. పెట్టపిల్లకు జెడ్ తండ్రిది కాబట్టి దానికి తండ్రి మాదిరి ఈకలు త్వరగా వస్తాయి. పుంజుపిల్లకు తల్లి జెడ్ కూడా వస్తుంది, దాంతో నిదానం గుణం గెలుస్తుంది. అందుకే తేడా. ఇదే జతను తిప్పేసి, నిదానం వంశం పుంజును త్వరగా వచ్చే వంశం పెట్టతో కలిపారనుకోండి, పిల్లలన్నిటికీ ఈకలు నిదానంగానే వస్తాయి. రెండూ త్వరగా వచ్చే వంశాలే అయితే ప్రతి పిల్లా ఎగుడుదిగుడుగా ఉంటుంది, అన్నీ పెట్టలని సంబరపడొచ్చు. రొద్దం దగ్గర ఒక కుర్రాడు అలాగే సంబరపడి, ఇంట్లో పొదిగిన నాటు పిల్లల్లో రెక్క చూసి ఏరిన వాటిని "గ్యారంటీ పెట్టలు" అని చుట్టాలకు అమ్మాడు. సంక్రాంతి నాటికి చుట్టాలందరి ఇళ్లలోనూ కూతలే.

నాటుకోడి రెక్క మీద ఏ గుణం ఎవరి నుంచి వచ్చిందో చెప్పే నాథుడు లేడు. ఈ ప్రాంతంలో అయితే మరీను. మనకు బెంగళూరు దగ్గర. హెబ్బాళ పశువైద్య కళాశాలలో తయారైన గిరిరాజ కోళ్లు సరిహద్దు దాటి వచ్చాయి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ నుంచి వనరాజా, గ్రామప్రియ వచ్చాయి. అవన్నీ మన ఊరికోడితో, ఎవరో కోస్తా నుంచి తెచ్చిన పందెం జాతి పుంజుతో కలిసిపోయాయి. ఇవాళ పెనుకొండ కోట కింద దిబ్బ మీద గీరుకునే ఏ కోడి ఒంట్లోనైనా నాలుగైదు వంశాలుంటాయి. దాని పిల్ల రెక్క విప్పి చూస్తే తెలిసేది ఈకలు త్వరగా వస్తున్నాయా, నిదానంగా వస్తున్నాయా అన్న సంగతి ఒక్కటే.

రంగును చూసి చెప్పడమూ ఇదే సూత్రం. ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో రెజినాల్డ్ పున్నెట్ అనే ఆయన ఉండేవాడు. ఇంటర్‌లో జీవశాస్త్రం చదివినవాళ్లు ఆయన పేరుతో గడులు గీసే ఉంటారు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో మేతకు కరువొచ్చింది. పుట్టిన రోజే పుంజుల్ని ఏరేస్తే మేత మిగులుతుంది కదా, రంగుతో ఏరవచ్చని ఆయన చూపించాడు. ఎరుపు రంగు వంశం పుంజును వెండి తెలుపు వంశం పెట్టతో కలిపితే కూతుళ్లు తండ్రి మాదిరి ఎర్రగా, కొడుకులు తల్లి మాదిరి పాలిపోయినట్టు పుడతారు. గోధుమ రంగు గుడ్లు పెట్టే ఫారం కోళ్లలో నేటికీ ఈ పద్ధతే చాలాచోట్ల నడుస్తోంది. అడ్డచారల ఈకల గుణం కూడా జెడ్ మీదిదే. చారల పెట్టను, చారల్లేని నల్ల పుంజుతో కలిపితే పుట్టిన నల్ల పిల్లల్లో కొన్నింటికి నడినెత్తిన తెల్ల మచ్చ ఉంటుంది. మచ్చ ఉన్నవన్నీ పుంజులు. పున్నెట్ అంతటితో ఆగకుండా, తరతరానికీ రంగుతోనే పెట్టో పుంజో తెలిసిపోయే కాంబార్ అనే జాతిని 1929 ప్రాంతంలో తయారుచేశాడు.

ఈ రంగు విద్య ఇప్పుడు గుడ్డులోకి కూడా దూరింది. దండగ పుంజుల్ని పుట్టిన రోజే చంపెయ్యడాన్ని జర్మనీ 2022 జనవరి 1 నుంచి నిషేధించింది. ఆ చంపడాన్ని తప్పించడానికే పొదుగు మొదలైన సుమారు 13వ రోజున గుడ్డు గుండా వెలుగు పంపి, లోపలి పిల్లకు మొలుస్తున్న ఈకల రంగు చూసి పుంజు గుడ్లను పక్కకు తీసే యంత్రాలు వచ్చాయి. ఎర్ర కూతుళ్లు, తెల్ల కొడుకులు పుట్టే జతల్లోనే అవి పనిచేస్తాయి. తెల్ల లెగ్‌హార్న్ రకం కోళ్లలో ఆడా మగా ఒకటే తెలుపు, వాటి దగ్గర ఆ యంత్రానికి చూపు ఆనదు. ఎంత యంత్రమైనా తల్లిదండ్రులెవరో ముందు అడగాల్సిందే.

మరి దిబ్బ మీది కోడి సంగతి? ఓపిక పట్టాలి, ఎక్కడ చూడాలో తెలియాలి. ఉడత చారలతో పుట్టే పిల్లల్లో కంటి నుంచి వెనక్కి పోయే నల్ల గీత చిక్కగా, తెగకుండా ఉంటే పెట్ట కావచ్చు, అలుక్కుపోయినట్టుంటే పుంజు కావచ్చు. పందెం కాసేంత నమ్మకమైన గుర్తేమీ కాదు. నెల తిరిగేసరికి నిలువు జుట్టున్న పిల్లల్లో పుంజు జుట్టు లేచి ఎర్రబారుతుంది, కాళ్లు లావవుతాయి. పెట్టలకు వీపు మీద, తోక దగ్గర ఈకలు ముందుగా కమ్ముకుంటాయి, పుంజులు వీపు బోడిగా కొన్నాళ్లు తిరుగుతాయి. అయితే పందెం జాతి రక్తం కలిసిన పిల్లలతో తంటా. వాటి జుట్టు బఠానీల వరుస మాదిరి నెత్తికి అణిగి ఉంటుంది, పుంజుకు కూడా ఆలస్యంగా ఎదుగుతుంది. జుట్టు చిన్నదిగా ఉందని పెట్టగా లెక్కేసుకున్నది తీరా కత్తికి కాలు దువ్వుతుంది.

నేను నమ్మే గుర్తు ఒకటే. మూడో నెల దగ్గర పడ్డాక పిల్లను పట్టుకుని, తోకకు ముందు నడుము మీదుండే ఈకల్ని వేలితో ఎగదోసి చూడండి. పెట్టకు అక్కడి ఈక కొస గుండ్రంగా ఉంటుంది, దాని అంచు పోగులు ఒకదానికొకటి అతుక్కుని ఆకులా ఉంటుంది. పుంజుకు అక్కడ కొత్తగా మొలుస్తున్న ఈక సన్నగా, కొస సూదిగా, నిగనిగలాడుతూ ఉంటుంది. అంచు పోగులు అతుక్కోవు, విడివిడిగా వేలాడుతూ అంచున వెలుగు చారలా కనబడుతుంది. అలాంటి ఈక ఒక్కటి కనబడినా అది పుంజే. కూత కోసం ఎదురుచూడక్కర్లేదు.

ఈ గుర్తు కూడా చెల్లని పుంజు ఒకటుంది. కోస్తాలో పందేల వాళ్లు కాకి, డేగ, నెమలి, సేతువ అని ఈకల రంగును బట్టి పుంజుల్ని పిలుస్తారు కదా, అందులోనే పెట్టమారు అని ఒకటుంది. దానికి కూత, కాలి ముల్లు, పొగరు అన్నీ పుంజువే. ఈకలు మాత్రం పెట్టవి. మెడ మీద జూలుండదు, నడుము మీద సూది ఈకలుండవు, తోకలో వంపు తిరిగిన పొడుగు ఈకలుండవు. ఎదుటి పుంజు దాన్ని పెట్ట అనుకుని ఏమరుపాటున ఉంటుందని, అందుకే గెలుస్తుందని పందేల వాళ్లు మురిసిపోతారు. పందేలు చట్టరీత్యా నేరం, ఆ సంగతి అలా ఉంచుదాం.

ఇంగ్లండులో సీబ్రైట్ అనే పొట్టి జాతి పుంజులు కూడా ఇలాగే పెట్ట ఈకలతో ఉంటాయి. అమెరికాలో థామస్ హంట్ మోర్గాన్ (తరవాత 1933లో నోబెల్ బహుమతి అందుకున్నది ఆయనే) ఆ పుంజులకు వృషణాలు తీసేసి చూశాడు. మగతనం పోతే ఇంకా పెట్టలా మారాలి కదా? అవి కొత్తగా వేసిన ఈకలు అచ్చమైన పుంజు ఈకలు! కారణం తరవాతి కాలంలో బయటపడింది. పెట్టల్లో ఆడ హార్మోను తయారుచేసే పదార్థం ఒకటుంది. మామూలు పుంజు చర్మంలో అది పనిచేయదు. సీబ్రైట్‌లో ఎప్పుడో ఒక వైరస్ ముక్క దాని జన్యువు పక్కన వచ్చి ఇరుక్కుంది. అందువల్ల చర్మంలోనే మగ హార్మోను ఆడ హార్మోనుగా మారిపోతూ ఉంటుంది. వృషణాలు తీసేస్తే మార్చడానికి సరుకే ఉండదు, ఈక మామూలు దారి పడుతుంది.

దీంట్లో నన్ను బాగా పట్టిన సంగతి వేరే ఉంది. పుంజు సింగారం మగ హార్మోను ఇచ్చిన వరమని మనం అనుకుంటాం. కాదు. జుట్టూ కూతా దాని చలవే గానీ ఈకలు కాదు. ఆడ హార్మోను అడ్డుపడకపోతే కోడి ఒంటి మీద తనంతట తాను మొలిచేది పుంజు ఈకే. అండాశయం తీసేసిన పెట్టకు కూడా అవే మొలుస్తాయి. మట్టి రంగు ఈకలతో గుడ్ల మీద కూర్చుంటే గద్ద కంటికి ఆనదు కదా, ఆ పెట్ట ఈక కోసమే ఒళ్లు ప్రత్యేకంగా పనిచేస్తోంది.

కూసే పెట్ట రహస్యమూ ఇక్కడే ఉంది. పెట్టకు ఎడమ పక్క అండాశయం ఒక్కటే పెరుగుతుంది, కుడిది మొలకగా ఉండిపోతుంది. కణితి వల్లో, చీము పట్టో ఎడమది చెడిపోతే కుడి మొలక నిద్రలేచి మగ హార్మోను వదలొచ్చు. జుట్టు పెరుగుతుంది, పెట్ట కూత మొదలుపెడుతుంది, పాత ఈకలు రాలి కొత్తవి వచ్చేటప్పుడు పుంజు ఈకలు దిగుతాయి. ఊళ్లో అది అరిష్టం, ఆ సాయంత్రమే కత్తి. మనమే నయం. స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో 1474లో గుడ్డు పెట్టిన పుంజు మీద విచారణ జరిపి మరీ తగలబెట్టారు. దాని కడుపు కథ కూడా ఇలాంటిదే అయి ఉండొచ్చు. ఇంకా విచిత్రం, ఒక పక్క పుంజు, ఇంకో పక్క పెట్టగా నిలువునా చీల్చినట్టుండే కోళ్లు. ఎడింబరో దగ్గరి రోస్లిన్ సంస్థ వాళ్లు అలాంటి కోళ్లను పరీక్షించి 2010లో సంగతి చెప్పారు. పుంజు పక్కన ఎక్కువ కణాలు రెండు జెడ్‌లవి, పెట్ట పక్కన ఎక్కువ కణాలు జెడ్, డబ్ల్యులవి. రెండు పక్కలా పారే రక్తమొకటే, హార్మోన్లొకటే. అయినా ఏ పక్క కణం ఆ పక్క తీరునే నిలబెట్టుకుంది.

మా వైపు తరచుగా చూసే వింత ఈకలు రెండు. ఒకటి బోడిమెడ కోడి. రోగమనుకుని ఆసుపత్రికి తెచ్చినవాళ్లున్నారు. ఒక జన్యువు మెడ మీద ఈక మొలకల్ని ఆపేస్తుంది, ఒంటి మీద కూడా పలచబరుస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే ఆ గుణం వస్తే మెడ ముందు భాగాన చిన్న కుచ్చు మిగులుతుంది. ఇద్దరి నుంచీ వస్తే మెడంతా నున్నగా ఉంటుంది, ఒంటి ఈకలు మామూలు కోడి కన్నా 40 శాతం దాకా తగ్గుతాయి. కోడికి చెమట పట్టదు. మే నెల మధ్యాహ్నం మన హిందూపురం, ధర్మవరం ఎండల్లో నోరు తెరిచి రొప్పడమే దానికున్న ఉపాయం. ఈకలు పలచగా ఉంటే ఒంటి వేడి బయటికి పోతుంది. ఈ గుణం కోసమే ఉత్తరప్రదేశ్‌లోని ఇజ్జత్‌నగర్ పక్షి పరిశోధన సంస్థ బోడిమెడ కోడితో హితకారి అనే రకాన్ని తయారుచేసింది. రెండోది ఉంగరాల ఈకల కోడి. దాని ఈకలన్నీ వెనక్కి చుట్టుకుని ఎదురుగాలిలో నిలబడినట్టుంటుంది. దాంతో ఉపకారి అనే రకం చేశారు. ఈకలోని కెరటిన్ అనే మాంసకృత్తిని తయారుచేసే ఒక జన్యువులో చిన్న ముక్క పోవడమే దీనికి కారణమని 2012లో తేలింది. ముద్దుగా ఉన్నాయని ఉంగరాల పుంజునూ ఉంగరాల పెట్టనూ జత కట్టించకండి. రెండు పక్కల నుంచీ ఆ గుణం వచ్చిన పిల్లకు ఈకలు పెళుసై విరిగిపోతాయి, దాదాపు బోడిగా తిరుగుతుంది. ఎండకు మాడి, చలికి వణికి చచ్చేది అదే.

వంశంతో, హార్మోనుతో సంబంధం లేని వింతలు కూడా ఉంటాయి. అవి మన చేతిలోవి. రాలిన రెక్క ఈక ఒకటి తీసి సూర్యుడికి ఎదురుగా పట్టుకోండి. కొన్నింటిలో అడ్డంగా సన్నటి గీత, అక్కడ పోగులు సరిగా అల్లుకోక వెలుతురు దూరుతుంది. ఈక పెరుగుతున్న రోజుల్లో కోడికి జ్వరమో ఆకలో వచ్చిన పూట అది. అప్పట్లో పెరుగుతున్న మిగతా ఈకల్లోనూ ఆ మట్టాన ఆ గీత ఉంటుంది. ఈక బరువులో నూటికి తొంభై పాళ్లు మాంసకృత్తే, అందులో గంధకం ఎక్కువ. దానికి మెథియోనిన్ కావాలి. మన దగ్గర చవకగా దొరికే వేరుశెనగ చెక్కలో మాంసకృత్తులు బోలెడు, మెథియోనిన్ మాత్రం కొరత. చెక్క, సంగటి మెతుకులు మాత్రమే తిన్న కట్టేసిన కోళ్లు ఒకదాని ఈకలొకటి పీక్కుని తింటాయి. బయట తిరిగేవి చెదలూ పురుగులూ ఏరుకుని ఆ లోటు పూడ్చుకుంటాయి. చెక్క బూజు పడితే ఇంకో ప్రమాదం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చాయి. బ్రెజిల్ నుంచి తెచ్చిన వేరుశెనగ పిండిలోని బూజు విషమే కారణమని తేలాక అఫ్లాటాక్సిన్ అనే పేరు పుట్టింది. బూజు వాసనొచ్చే చెక్క కోడికి పెట్టకండి.

మెథియోనిన్ కొరతకు మందు కూడా మన పక్కనే ఉంది. పట్టుగూడు నుంచి దారం తీశాక మిగిలే ప్యూపాలో మాంసకృత్తులు, మెథియోనిన్ పుష్కలం. ఎండబెట్టి పొడి కొట్టి మేతలో కొద్దిగా కలిపితే ఈక నిగ్గు తేలుతుంది. ఎక్కువ కలిపితే గుడ్డూ మాంసమూ ప్యూపా వాసనేస్తాయి, కోతకు ముందు కొన్నాళ్లు ఆపెయ్యాలి.

ఈకలు ఊడిన ప్రతి కోడికీ మేత లోపమే అనుకోవద్దు. ఏడాదికోసారి అన్నీ రాలి కొత్తవి వస్తాయి, అప్పుడు గుడ్లు ఆగుతాయి, అది సహజం. మలద్వారం చుట్టూ ఈక మొదళ్లలో తెల్లటి గుడ్లు గుత్తులుగా అంటుకుని ఉంటే పేలు. వీపు మీద మాత్రమే బోడి అయితే మందు అక్కర్లేదు. ఒకావిడ అలాంటి పెట్టల్ని చంకలో పెట్టుకుని వచ్చింది.

"ఏం రోగం సామీ ఇది? వీపంతా బోడైపాయె."

"ఎన్ని పెట్టలున్నాయి? పుంజులెన్ని?"

"పెట్టలు నాలుగు. పుంజులు రెండు."

రెండు పుంజులు మార్చి మార్చి ఎక్కుతూ గోళ్లతో గీరితే నాలుగు వీపులు ఎలా మిగులుతాయి? పది పెట్టలకు ఒక పుంజు చాలు. ఒకదాన్ని పండక్కి కోసుకోమన్నాను. మొదలంటా ఊడిన ఈక కొన్ని వారాల్లో వస్తుందని, మధ్యకు విరిగింది మాత్రం మళ్లీ రాలే కాలం దాకా అలాగే ఉంటుందని చెప్పాను.

"ఏ పుంజును కొయ్యాల?"

రెండింటిలో ఒకటి బోడిమెడది. దాన్ని ఉంచుకోమన్నాను. ఎండాకాలం పిల్లలకు ఆ మెడ వస్తే మేలు.